చదవని పుస్తకానికి నా సిఫారసు

కుర్రతనంలో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే తెలిసిందీ పెద్దగా ఏమీ లేదు. అప్పుడు పుదుచ్చేరి వైట్ టౌన్‌లో ఓ పుస్తకాల షాపులో పనిచేసేవాణ్ణి. మా ముదలాళి (షాపు యజమానిని మా ఊళ్లో అలాగే అంటాం) సరదాపడి ఒక తెలుగు అల్మరా పెట్టించాడు, దానికో మనిషి కావాల్సొచ్చింది. తెలుగు వచ్చా అని అరవంలో అడిగాడు. పుట్టినప్పటి నుంచీ వచ్చని చెప్పాను. చదవడం వచ్చా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. తరాలుగా ఇక్కడే ఉండిపోయిన మాలాంటి ఇళ్లలో తెలుగు నోటికే పరిమితం. బళ్లో తమిళం, ఆఫీసులో ఇంగ్లిషు. నాకు తెలుగులో నా పేరు చూపించినా అది నాదేనని పోల్చుకోలేకపోయేవాణ్ణి.

మరి బండి ఎలా నడిచిందంటారా, మా అత్త పుణ్యమా అని నడిచింది. మేనమామ కావలి వైపు నుంచి చేసుకొచ్చిన ఇల్లాలు, మా ఇంటి మొత్తానికి తెలుగు చదవగలిగిన ఏకైక మనిషి. కొత్త పుస్తకాలు వస్తే ముదలాళికి చెప్పి ఇంటికి తెచ్చేవాణ్ణి. ఆదివారం ఆవిడ చిక్కుళ్లు ఒలుస్తూ చదివి కథ చెప్పేది. సోమవారం నేను కొనేవాళ్ల ముందు, రాత్రంతా నిద్ర మానుకుని చదివినవాడిలా మొహం పెట్టి అదే కథ అప్పజెప్పేవాణ్ణి. నా సిఫారసు మీద గురి కుదిరి కొందరు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు కూడా (అత్తకి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, కమీషన్ అడుగుతుందని).

ఒక శుక్రవారం మధ్యాహ్నం నెల్లూరు వైపు నుంచి వచ్చినావిడ ఒకరు అల్మరా ముందు నిలబడ్డారు. చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ, క్రికెట్ ఆటగాళ్లు తమ జీవితం గురించి రాసుకున్న పుస్తకాలేమైనా ఉన్నాయా అని అడిగారు. ముందు రోజే మూడు వచ్చాయి, అట్టల మీది బ్యాట్లను బట్టి అవేనని నాకు తెలుసు. అత్త చేతికి ఇంకా వెళ్లలేదు. క్రికెట్ గురించి నాకు తెలిసిందల్లా, మామయ్య టీవీ ముందు తలపట్టుకుంటే మనవాళ్లు ఔటైనట్టు అని.

"మా ఆయనకి క్రికెట్టంటే ప్రాణం నాయనా," అన్నారావిడ. "గోరిమేడు ఆస్పత్రిలో ఉండాడు. తెల్లారితే గుండె ఆపరేషను. కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టడు, ఊరికి పోదాం పదమంటాడు. ఈ పొద్దు ఆరింటిలోపల పెట్టకపోతే తేదీ యాడికో పోద్దంట. కాస్త ధైర్యమొచ్చేది చూసి ఇయ్యి."

తెలియదమ్మా అని ఒక్కమాట అని ఉంటే సరిపోయేది. నేను మూడింటినీ పేర్చి, అట్ట మీద నవ్వుతూ బ్యాటెత్తి నిలబడ్డ మనిషిని ఎంచుకున్నాను. నవ్వేవాడు ఏడిపించేది రాస్తాడా అని నా లెక్క. "ఇది రెండుసార్లు చదివానమ్మా, అయ్యగారు నవ్వుతూ లోపలికి పోతారు," అన్నాను. ఆవిడ పుస్తకాన్ని కళ్లకద్దుకుని వెళ్లిపోయారు. ఆ కళ్లకద్దుకోవడం చూసి వెనక్కి పిలుద్దామా అనుకున్నాను గానీ, ఈలోగా టీ వచ్చింది.

ఆ సాయంత్రం ఐదింటికి, అదే పుస్తకం ఇంకో ప్రతినీ మిగతా రెంటినీ పట్టుకుని ఇంటికొచ్చాను. అత్త వెనక అట్ట తిప్పి చదివింది. తర్వాత లోపల పేజీలు తిప్పింది. ఇంకొంచెం తిప్పి, కళ్లజోడు తీసేసింది.

"ఏందిరా ఇది, సగం పుస్తకం ఆస్పత్రే. ఈయన గుండెకి ఆపరేషనంట. పక్క మంచం మీదుండే ఆటగాడు లోపలికి పోయి మళ్లీ రాలేదంట. ఆయనకే అంకితం ఇచ్చినాడు."

నోరా వీపుకు చేటు తేకే అన్నారు పెద్దలు. నా నోరు ఇంకొకరి గుండెకే తెచ్చింది. ఫోన్ చేద్దామంటే నంబరు తీసుకోలేదు. మిగతా రెంటిలో నవ్వించేది ఏదో చెప్పమని అత్తని తొందరపెట్టాను. ఆవిడ నాలుగు పేజీలు చూసి ఒకటి చేతిలో పెట్టింది. దాన్ని చొక్కాలో దోపుకుని సైకిలెక్కాను. బజారులో పూల బండ్లు, ఆటోలు, ఒక పెళ్లివారి మేళం, అందరూ ఆరోజే నా దారిలోకి వచ్చారు. ఆయన ఇప్పుడు ఏ పేజీలో ఉండి ఉంటాడా అన్నదొక్కటే నా ఆలోచన. పక్క మంచం కథకి రాకముందే చేరితే చాలని మా ఇంటి దేవుడికి మొక్కాను. చేరేసరికి ఆరుకి పది నిమిషాలున్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్‌కి చొక్కాలోంచి పుస్తకం తీసి చూపించి, వార్డులు వెతుక్కుంటూ పరిగెత్తాను.

ఆయన మంచం మీద కూర్చుని చదువుతున్నారు. కుడి వైపు పేజీలు వేలెడు మందం కూడా మిగల్లేదు. ఆవిడ నన్ను చూసి, పుస్తకమిచ్చిన అబ్బాయి ఇతనే అని ఆయనకి చెప్పారు.

"షాపు తంబివా? రా, కూర్చో," అన్నారు. "రెండుసార్లు చదివినావంట గదా. నా కళ్లు లాగతా ఉండాయి. ఈణ్ణించి చదువు, వింటాను."

పుస్తకం నా చేతిలోకి వచ్చింది. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి నా వైపే చూస్తున్నారు. "నాకు చదవను రాదయ్యా," అన్నాను. "అట్ట మీద బొమ్మ చూసి ఇచ్చినాను. లోపల ఏముండాదో మా అత్త ఇప్పుడే చెప్పింది. మార్చుకుపోదామని వచ్చినాను." చొక్కాలోంచి రెండో పుస్తకం తీసి మంచం మీద పెట్టాను. చెమటకి అట్ట తడిసిపోయింది.

ఆవిడ ఏదో అనబోయారు, ఆయన చెయ్యెత్తి ఆపారు. నా చేతిలోని పుస్తకం తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు.

"పది దినాలుగా ఈ మంచం కాడికి వచ్చినోళ్లంతా ఏం కాదు, ఏం కాదు అనే పోయినారు. ఈయనొక్కడే నాకూ భయమేసిందని రాసుకున్నాడు. దుప్పటి కప్పుకుని ఏడ్చినాడంట, అంత పెద్ద ఆటగాడు. తెల్లారి లేచి ఆపరేషనుకి పోయినాడు. నేను నాలుగింటికే సంతకం పెట్టేసినాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ కొంచెం కొంచెం చేశాను. ఆయన పుస్తకం వెనక్కి ఇవ్వలేదు, రెండోదీ ఉంచేసుకున్నారు. నేను లేస్తుంటే మాత్రం, "నేను లేచి తిరిగే నాటికి మొదటి పేజీ నువ్వు చదివి వినిపించాల. ఊరికే పోతావా," అన్నారు.

ఎనిమిది రోజులు అత్త ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో అందరికీ అదో సినిమా అయిపోయింది. తొమ్మిదో నాడు ఆస్పత్రికి వెళితే ఆ మంచం మీద వేరే ఎవరో పడుకుని ఉన్నారు. గోడకానుకుని నిలబడిపోయాను. వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది; వరండాలో భార్య భుజం పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ ఆయన వస్తున్నారు. మొదటి వాక్యం చదవడానికి నాకు ఎంతసేపు పట్టిందంటే, ఆయన అలసిపోయి కుర్చీ తెప్పించుకున్నారు.

ఇవాళ ఎవరైనా మంచి క్రికెట్ జీవిత కథ చెప్పమంటే, కప్పులూ సెంచరీలూ లెక్కపెట్టుకున్నవాటిని పక్కన పెట్టి, ఆ మనిషి ఎక్కడ వణికాడో దాచకుండా రాసిన పుస్తకం చూపిస్తాను, అదీ చదివాకే. ఆ రోజు తెలియదనే మాట నోట రాని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, వాడిమీద కొంచెం ప్రేమ కూడా కలుగుతుంది. అయినా వాడి మాట నమ్మి ఒక్క పుస్తకం కూడా కొనను.