కార్డు లేని విలేకరి

మలికిపురం దగ్గరి ఆ చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనకి ఒక పద్ధతి ఉంది. పాస్టరుగారు ఒక్కొక్క వృత్తి పేరూ చదువుతారు. ఆ పని చేసేవాళ్ళు లేచి నిలబడితే సంఘమంతా వాళ్ళ కోసం ప్రార్థన చేస్తుంది. ఉపాధ్యాయులు, నర్సులు, రైతులు, డ్రైవర్లు లేస్తారు. గల్ఫులో ఉన్నవాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు లేస్తారు. ఆ ఏడు "పత్రికా విలేకరులు" అని కూడా చదివారు. భార్య సుందరి పక్కన కూర్చున్న సుధీర్ సగం లేచాడు. ముందు వరసలో ప్రకాశరావుగారు ఒక్కరే నిలబడి ఉన్నారు. ఆయన ఒక దినపత్రికకి మండల విలేకరి. మెడలో కార్డు కూడా ఉంది. సుధీర్ మళ్ళీ కూర్చుండిపోయి, కాసేపటికి "కార్యాలయ ఉద్యోగులు" అన్నప్పుడు లేచాడు.

సుందరి బళ్ళో టీచరు. అందరి ముందూ మొగుణ్ణి ఏమీ అనదు, ఇంటికొచ్చాక వదలదు.

"సగం లేచి కూర్చున్నారేంటండీ? దేవుడిక్కూడా కార్డు చూపించాలా?" అంది.

"ప్రకాశరావుగారి పక్కన నిలబడితే నవ్వుతారే."

"ఎవరు నవ్వుతారు? ఆదివారం ఆదివారం మైదానాల వెంట తిరిగేది మీరు. ఆయన ఎప్పుడైనా ఆట ఆఖరిదాకా చూసేరా?"

సుధీర్ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని అడ్మిషన్లూ మార్కుల జాబితాలూ చూస్తాడు. అది కూడు పెట్టే పని. ప్రాణం పెట్టే పని వేరే ఉంది. 'కోనసీమ కూత' అని ఇంటర్నెట్టులో ఒక వెబ్‌సైటు పెట్టి, రాజోలు నుంచి కొత్తపేట దాకా ఎక్కడ కబడ్డీ జరిగినా వెళ్ళి రాస్తాడు. ఎవరు కూతకి వెళ్ళారు, ఎవరు పట్టారు, ఎవరి కాలు గీత దాటింది, అన్నీ రాస్తాడు. తప్పు దొర్లితే తీసేసి ఊరుకోడు. అక్కడే కింద, నిన్న తప్పు రాశానని రాసి దిద్దుతాడు. మస్కట్‌లో, కువైట్‌లో ఉన్న మన కుర్రాళ్ళు తమ ఊరి జట్టు ఏమైందో అతని రాత చూసే తెలుసుకుంటారు.

అయినా ఊరి లెక్క ఊరిదే. కాగితం మీద రాసినవాడు విలేకరి, ఫోనులో రాసినవాడు పనీపాటా లేనివాడు. ఆ చెడ్డపేరు ఊరికే రాలేదనుకోండి. ఇంటర్నెట్టులో రాసేవాళ్ళలో సగంమంది ఒకరి ఫొటో ఒకరు ఎత్తుకొచ్చి, పుకారుకి పెద్ద అక్షరాల శీర్షిక పెట్టి వదిలేసే బాపతే. ఆ మురికి సుధీర్ చొక్కాకీ అంటుకుంది. మైదానంలో "ప్రెస్" అని కాగితం అంటించిన కుర్చీల్లో అతన్ని కూర్చోనివ్వరు. ఏనాడూ గొడవ పడలేదు. గీత పక్కన నేల మీద కూర్చునేవాడు.

ప్రకాశరావుగారు చెడ్డమనిషేమీ కాదు. ఒకసారి టీకొట్టు దగ్గర తనే విప్పి చెప్పారు.

"మాకేదో జీతాలున్నాయనుకుంటున్నావేమో అబ్బాయీ. అచ్చయిన వార్తకి ఇంతని ఇస్తారు. మిగతాదంతా ప్రకటనల మీదే. మొన్న కబడ్డీ పోటీల ప్రకటన నాకిచ్చిందెవరు? కార్యదర్శి శ్రీరామచంద్రమూర్తిగారు. ఆయన ఇస్తరాకులో ఈగ పడిందని నేనెలా రాస్తాను?"

"ఆయ్, అదీ నిజమేనండి," అన్నాడు సుధీర్. అప్పటికి ఆ మాట లోతు అతనికి తెలియదు.

శ్రీరామచంద్రమూర్తిగారు వశిష్ఠా తీర కబడ్డీ సంఘానికి కార్యదర్శి. ఆయనదో పద్ధతి. ఫైనల్ మొదలుకాక ముందే విలేకరులకి వార్త రాయించి చేతికిస్తారు. ముఖ్య అతిథి ఇంకా దారిలోనే ఉంటాడు, ఆయన ఏమన్నారో మాత్రం కాగితంలో వచ్చేసి ఉంటుంది. గెలిచిన జట్టు పేరు దగ్గర ఖాళీ వదులుతారు. అదొక్కటే ఆట వల్ల తెలియాల్సింది.

జనవరి ఆఖరులో ఆడపిల్లల ఫైనల్ జరిగింది. నాలుగింటికన్నారు. రెండు జట్ల పిల్లలూ పరుగెత్తి, ఒళ్ళు విరుచుకుని, చెమట పట్టించుకుని సిద్ధంగా ఉన్నారు. ముఖ్య అతిథి రాజోల్లో ఏదో పెళ్ళిలో ఉన్నారన్నారు. ఆయన రాకుండా ఫైనల్ మొదలుపెట్టడం మన దగ్గర మహాపాపం. పిల్లల చేతికి పూలగుత్తులిచ్చి వరసగా నిలబెట్టారు. పొద్దు గూకింది. మంచు దిగింది. పొట్టి నిక్కర్లతో ఆ పిల్లలు వణుకుతూ అలాగే నిలబడ్డారు. ఆటకి కావలసిన వేడి ఒక్క ఒంట్లోనూ మిగల్లేదు. చూస్తున్న సుధీర్‌కి ఒళ్ళు మండింది.

అతిథి వచ్చారు. శాలువాలయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి. ఆయనకి మరో కార్యక్రమం ఉందట, వెంటనే ఆట మొదలెట్టమన్నారు. ఒక జట్టుకి కోచ్ కృష్ణవేణి. బళ్ళో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసే వ్యాయామ టీచరు. ఆవిడ వేదిక దగ్గరికెళ్ళి ఏదో బతిమాలుతూ కనిపించింది. కార్యదర్శిగారు చెయ్యి ఊపి పంపేశారు.

రమ్యశ్రీ అని, ఇంటర్ చదివే పిల్ల, ఆ జట్టుకి ప్రాణం. మొదటి కూతకెళ్ళి, వెనక్కి తిరగడంలో మోకాలు పట్టుకుని కూలబడింది. మోసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. కార్యదర్శిగారు బెంచీ దగ్గరికొచ్చి వంగి ఏదో అన్నారు. కాసేపటికి కాలికి కట్టు కట్టి ఆ పిల్లని మళ్ళీ లోపలికి పంపారు. గీత దాటి రెండడుగులు వేసి పడిపోయింది. ఈసారి లేవలేదు. "స్వల్ప గాయం, ఎవరూ ఆందోళన చెందవద్దు" అంది మైకు.

మర్నాడు పేపర్లలో "క్రీడలతో మానసికోల్లాసం" అని అతిథిగారి మాటలు వచ్చాయి. రమ్యశ్రీ పేరు ఎక్కడా లేదు.

ఆ పొద్దున్నే అమలాపురం ఆస్పత్రి నుంచి కృష్ణవేణి ఫోను చేసింది. ఏడుస్తోంది.

"ఒక్క పావుగంట పరుగెత్తించుకుంటానంటే కార్యదర్శిగారు ఒప్పుకోలేదండి సుధీర్‌గారూ. పడిపోయేక కూడా, ఫ్లెక్సీలో బొమ్మేసింది ఈ పిల్లదే, గెస్టుగారు ఫొటో అడుగుతున్నారు, ఒక్క కూత పెట్టించమన్నారు. నేనే పంపేనండి. వెళ్ళమ్మా అని నా నోటితో నేనే అన్నాను. పిల్ల మోకాల్లో నరం తెగిపోయిందంటున్నారు."

"ఇది రాయాలండి."

"రాయండి. కోచ్ పంపిందనే రాయండి, నన్ను వదలొద్దు. కానీ చెప్పింది నేనని మాత్రం రాయకండి. వాళ్ళు ఒక్క మాటంటే నా ఉద్యోగం పోతుంది. మా అమ్మకి నేను తప్ప ఎవరూ లేరు."

"రాయనండి. ఎవరడిగినా చెప్పను," అన్నాడు సుధీర్.

అతను ఆ మాట పట్టుకుని వెంటనే రాసేయలేదు. రమ్యశ్రీ తండ్రిని కలిసి స్కాన్ కాగితాలు చూశాడు. బెంచీ మీదున్న మరో పిల్లని అడిగితే, కార్యదర్శిగారు వచ్చి ఏదో అనడం చూశానంది, మాటలు వినపడలేదంది. కార్యదర్శిగారికి ఫోను చేసి ఆయన మాటేమిటో అడిగాడు. ఆయన పెట్టేశారు. అదీ రాశాడు. కోచ్ కాదనలేకపోయిందనీ రాశాడు. చలిలో నిలబెట్టిన సంగతి కళ్ళారా చూసింది చూసినట్టే రాశాడు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టయింది. ఆ రాత ఫోన్ల మీద ఊళ్ళు దాటి, గల్ఫు వెళ్ళి, తిరిగొచ్చి రాష్ట్ర సంఘం పెద్దల కంటపడింది. వాళ్ళు సంజాయిషీ అడిగారు. శ్రీరామచంద్రమూర్తిగారికి దారి ఒక్కటే కనిపించింది. ఇదంతా విలేకరి కానివాడు పుట్టించిన పుకారని తేల్చాలి.

అమలాపురంలో సంఘం గదికి సుధీర్‌ని పిలిచారు. బల్లకి అవతల విచారణ సంఘమని ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో శ్రీరామచంద్రమూర్తిగారు, ఒక పక్క కోశాధికారి పోలిరాజుగారు. రెండో పక్క మహిళల ప్రతినిధిగా కృష్ణవేణి. ఆవిణ్ణి చూడగానే సుధీర్ చూపు తిప్పేసుకున్నాడు. ఆవిడ తలెత్తలేదు. ముందున్న టీ ముట్టుకోలేదు. రాతలో ఆవిణ్ణీ తప్పుపట్టాడు కాబట్టి ఆవిడ మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఎదురుచెప్పని మనిషని పేరు కూడా ఉంది. ప్రకాశరావుగారిని పక్క కుర్చీలో కూర్చోబెట్టారు.

"ప్రకాశరావుగారండీ, ఈయన మీ ప్రెస్ క్లబ్బులో సభ్యుడేనా?" అని అడిగారు కార్యదర్శిగారు.

"కాదండి."

"గుర్తింపు కార్డుందా?"

"లేదండి. ఆన్‌లైన్ వాళ్ళకి మేమివ్వటం లేదు."

"విన్నారుగా సుధీర్‌గారూ? పేపరాయనైతే ఎవరు చెప్పేరని మేమడగం. ఆయనకో పత్రికుంది, ఎడిటరున్నాడు. మీరు ఫోనులో రాసుకునేవారు. మీ ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టే అది. చెప్పనని దాచుకునే హక్కు మీకెక్కడిదండీ?"

"హక్కుందో లేదో నాకు తెలీదండి. మాటిచ్చేను."

పోలిరాజుగారు మెత్తగా అందుకున్నారు. "ఎందుకొచ్చిన గొడవ బాబూ. పేరు చెప్పెయ్, ఇక్కడితో అయిపోద్ది. చెప్పలేదంటే జిల్లాలో సంఘం కింద జరిగే ఏ మైదానంలోకీ నిన్ను రానివ్వరు. ఆట చూడకుండా నువ్వుండగలవా?"

ఉండలేడు. అది పోలిరాజుగారికీ తెలుసు, అందుకే అన్నారు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. పేరు కూడా చెప్పనక్కర్లేదు. ఒక్కసారి అటు చూస్తే చాలు, గదిలో అందరికీ అర్థమైపోతుంది. సుధీర్‌కి భయమంతా తన కళ్ళ మీదే. వాటిని తీసుకెళ్ళి శ్రీరామచంద్రమూర్తిగారి చొక్కా గుండీ మీద పెట్టి, అక్కణ్ణుంచి కదలనివ్వలేదు.

"చెప్పలేనండి," అన్నాడు.

అతన్ని మైదానాల్లోకి రానివ్వొద్దన్న కాగితం అప్పటికే సిద్ధంగా ఉంది. ఈ పెద్దమనుషులకి అన్నీ ముందే రాసిపెట్టుకోవడం అలవాటు. కార్యదర్శిగారు సంతకం పెట్టారు, పోలిరాజుగారు పెట్టారు. కాగితం మూడో మనిషి దగ్గరికి జరిగింది. ఆవిడ పెన్ను తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఏంటి మేడమ్, ఆలోచన?" అన్నారు కార్యదర్శిగారు.

"ఏమీ లేదండి," అని ఆవిడ సంతకం పెట్టింది. సుధీర్‌కి కోపం రాలేదు. సంతకం పెట్టకపోతే దొరికిపోయేది. పెట్టిందని తెలిశాక అతని ఊపిరి కాస్త కుదుటపడింది.

మెట్ల దగ్గర ప్రకాశరావుగారు అతని భుజం పట్టుకున్నారు. ముఖం చిన్నబోయి ఉంది.

"అడిగినదానికి ఉన్నమాటే చెప్పేను అబ్బాయీ."

"అవునండి. మీరేం తప్పు చెప్పలేదు."

"నన్నైతే ఇలా కూర్చోబెట్టి అడగరు. కార్డుందని కాదు. నేనలాంటిది ఎప్పుడూ రాయను కదా," అన్నారాయన. ఆ మాటంటున్నప్పుడు మెడలో కార్డుని చొక్కా లోపలికి తోసుకున్నారు.

ఆ వేసవి సుధీర్‌కి గడవడం కష్టమైంది. సాయంత్రాలు మైకు వినపడితే ఇంట్లో నిలవలేకపోయేవాడు. సుందరి రేడియో పెట్టేది, పనులు పురమాయించేది. రమ్యశ్రీకి ఆపరేషన్ జరిగింది గానీ, ఇక కబడ్డీ మాట మరిచిపొమ్మన్నారు డాక్టర్లు. రాష్ట్ర సంఘం ఒక ఉత్తర్వు వేసింది, ఫైనల్‌కి ముందు ఆటగాళ్ళని నిలబెట్టకూడదని. ఎవరి రాత వల్లో అందులో లేదు.

జూన్‌లో డిగ్రీ అడ్మిషన్లు మొదలయ్యాయి. రమ్యశ్రీ చేతికర్ర మీద మెల్లగా నడుచుకుంటూ కాలేజీ ఆఫీసుకొచ్చింది. సుధీర్ లేచి కుర్చీ జరిపాడు. అప్లికేషన్ రాస్తూ మధ్యలో ఆగి తలెత్తింది.

"మీకా మాటలన్నీ చెప్పిందెవరో గానీ అంకుల్, ఆ మనిషికి కాళ్ళకి దణ్ణం పెట్టాలండి. నాకోసం నోరు విప్పింది ఆ ఒక్కరే."

సుధీర్ ఆ పిల్ల మార్కుల జాబితా చేతిలోకి తీసుకున్నాడు.

"కృష్ణవేణి మేడమ్‌నే మా అమ్మకంటే ఎక్కువనుకున్నాను. వెళ్ళమ్మా అని పంపేసింది. పోనీ, తర్వాతైనా ఎవరికైనా ఒక్క మాట చెప్పిందా? పైగా మీ మీద సంతకం పెట్టిందంట కదండీ. మొన్న మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడితే, తలుపు తియ్యొద్దన్నాను అమ్మతో. చాలాసేపు నిలబడి వెళ్ళిపోయిందంట."

"తియ్యాల్సిందమ్మా," అన్నాడు సుధీర్, తనకి తెలియకుండానే.

"ఎందుకండీ?"

గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. విచారణ సంఘం లేదు. ఆ పిల్ల ఎవరికీ చెప్పదు. ఒక్క పేరు చెబితే ఆ పిల్ల మనసులో ముల్లు తీసినట్టే, అవతల కృష్ణవేణి మనసులోదీ తీసినట్టే. కానీ ఎవరడిగినా చెప్పనన్నాడు. ఈ పిల్ల అడిగితే తప్ప అని అప్పుడు అనలేదు.

రమ్యశ్రీ ఇంకా అతని మొహంలోకే చూస్తోంది.

సుధీర్ అప్లికేషన్ తన వైపు తిప్పుకుని, "ఫొటోలు తెచ్చుకున్నావా అమ్మా?" అని అడిగాడు.