కదపవద్దన్న కవర్లు

మా ఇంట్లో టీవీ బల్ల కింది అరలో నల్ల అట్ట వేసి బైండు చేయించిన పుస్తకం ఒకటి ఉంది. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు. ఎం.బి.ఏ. మొదటి సంవత్సరంలో నేను చేసిన ప్రాజెక్టు రిపోర్టు అది. ఇంటికి ఎవరొచ్చినా మా అత్తగారు దాన్ని తీసి, "మా కోడలు రాసిన పుస్తకం" అని చూపిస్తారు. వచ్చినవాళ్లు నాలుగు పేజీలు తిరగేసి, బొమ్మలు బాగున్నాయని ఇచ్చేస్తారు. చివరి అధ్యాయం దాకా ఎవరూ వెళ్లరు. అందులో ఒక వాక్యం ఉంది. దాన్ని నేను కూడా ఏళ్ల తరబడి చదవలేదు.

ఈ మధ్య మా పాప ఆ అరని కనిపెట్టింది. దానికి ఏడాదిన్నర. కాగితం కనబడితే చింపుతుంది, లేకపోతే నోట్లో పెట్టుకుంటుంది. ఒక మధ్యాహ్నం ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని చివరి పేజీలు లాగుతుంటే, లాక్కోవడానికి వెళ్లి నిలబడిపోయాను. చింపేస్తే చింపెయ్యనీ అనిపించింది. తర్వాత, దాని గొంతులో కాగితం అడ్డుపడుతుందేమోనని భయపడి లాక్కున్నాను. నా భయాలు ఇలాగే ఉంటాయి. ఏది దేనికోసమో నాకే తెలియదు.

రాజమండ్రిలో నేను చదివిన కాలేజీలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనే పేపరు ఉండేది. కంప్యూటర్ల గురించి తక్కువ, మనుషుల గురించి ఎక్కువ చెప్పేవారు మా సారు. "ఏ వ్యాపారంలోనైనా అసలు సమాచారం ఎవరో ఒకరి బుర్రలో ఉంటుంది. ఆ మనిషి సెలవు పెడితే వ్యాపారం ఆగిపోతుంది. దాన్ని బుర్రలోంచి తీసి అందరికీ కనబడేచోట పెట్టడమే మీ పని" అనేవారు. ప్రతి ఒక్కరూ ఒక చిన్న వ్యాపారాన్ని ఎంచుకుని, దానికి ఒక పద్ధతి తయారు చేసి, రిపోర్టు రాసి, బయటినుంచి వచ్చే పరీక్షకుడి ముందు వైవాలో చెప్పాలి. నా స్నేహితురాళ్లు మందుల షాపులు, బట్టల కొట్లు తీసుకున్నారు. నేను కడియంలో ఒక నర్సరీ తీసుకున్నాను. దాని యజమాని మా నాన్నగారితో పాటు చదువుకున్నాయన. నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని, పనివాళ్లు రైతుగారూ అనేవారు.

ఆ నర్సరీ సమాచారమంతా ఒక ఆడమనిషి బుర్రలో ఉండేది. మొక్కల మధ్య పనిచేసే ఇరవై మంది ఆడవాళ్లకి ఆవిడ మేస్త్రి. ఎక్కడినుంచో ఫోను వస్తుంది. బాబాయిగారు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, "ఆరడుగుల కానుగ ఎంతుందే?" అని కేకేస్తారు. ఆవిడ ఎక్కడున్నా తలెత్తి, "బోరు పక్క మడిలో రెండు వేలు లేస్తాయండి, వెనకాల మడిలోవి ఇంకో నెల ఆగాలండి" అంటుంది. ఒక్కరోజు కూడా తప్పు చెప్పడం నేను చూడలేదు. ఆవిడ కూతురి పురుటికి వెళ్లిన వారంలో మాత్రం ఏ మొక్క ఎక్కడుందో ఎవరికీ తెలియక రెండు లారీలు ఆగిపోయాయట. అది వినగానే నాకు ప్రాజెక్టు దొరికిందనిపించింది.

ప్రతి శనివారం వెళ్లేదాన్ని. మడులన్నిటికీ నంబర్లు వేయించి రేకు ముక్కలు పాతించాను. ఆవిడ వెనకాలే నోట్‌బుక్కు పట్టుకుని తిరిగేదాన్ని. అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా చెప్పేది. ఎండలో నా మొహం చూసి తన తువ్వాలు తడిపి ఇచ్చేది.

"ఇవన్నీ ఆ పెట్టెలో పెడతారా అమ్మాయిగారూ?" అని నా లాప్‌టాప్ వైపు చూసింది ఒకరోజు.

"అవునండి. పుస్తకం కూడా వేస్తాం."

"అయితే నా పేరేస్తారా అందులో?"

పక్కనున్నావిడ మొక్కలు పెట్టే ప్లాస్టిక్ కవర్లలో మట్టి నింపుతూ, "దీని పేరేస్తే పుస్తకం ఎవడు కొంటాడు?" అంది. అందరూ నవ్వారు.

"తప్పకుండా వేస్తాను" అన్నాను నేను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, నా లెక్క ఒక్క శనివారం కూడా నిలవలేదు. పద్నాలుగో మడిలో రాసుకున్న కానుగ మొక్కలు వారం తిరిగేసరికి తొమ్మిదో మడిలో ఉండేవి. తొమ్మిదిలోని పొగడ మొక్కలు గట్టు మీద ఉండేవి. నేను మళ్లీ మొదటినుంచి రాసుకోవాలి. వైవా దగ్గర పడుతోంది. రాత్రంతా కూర్చుని ఎక్కించిన పట్టికలు పొద్దున్నకి తప్పయిపోతుంటే నాకు ఏడుపొచ్చేది. వానలు మొదలయ్యాక ఒక శనివారం ఆవిణ్ని పట్టుకుని అడిగాను.

"ఎందుకండి వీటిని ఊరికే జరుపుతుంటారు?"

"ఊరికే కాదండి. కవరు కింద చిల్లులుంటాయి కదండి. ఒక్కచోటే ఉంచేమంటే ఆ చిల్లుల్లోంచి వేళ్లు నేలలోకి దిగిపోతాయి. లారీకి ఎత్తినప్పుడు తెగిపోతాయి. తెగితే మొక్క బతకదు. అందుకే ఎత్తి ఎత్తి పెడతా ఉంటాం."

"నా వైవా అయ్యేదాకా, రెండు నెలలు, కదపకుండా ఉంచండి."

"వానల్లోనా? వానల్లోనే ఎక్కువ దిగుతాయండి."

నేను అప్పుడు ఒక మాట అన్నాను. ఆలోచించుకుని అన్నది కాదు, కానీ నోరు జారిందీ కాదు. "బాబాయిగారే చెప్పమన్నారండి" అన్నాను.

ఆయన నాతో అలాంటిదేమీ చెప్పలేదు. నేను అసలు ఆయన్ని అడగనే లేదు.

ఆవిడ కాసేపు కానుగ మడి వైపు చూసింది. "రైతుగారు చెప్పేరా? అయితే ఆయ్" అని తన మనుషుల్ని వేరే పనికి పంపేసింది.

ఆ రెండు నెలలూ నా పట్టికలు చక్కగా సరిపోయాయి. పద్నాలుగో మడి అని రాసుంటే పద్నాలుగో మడిలోనే ఉన్నాయి. మా సారు నర్సరీకి వచ్చి, లాప్‌టాప్‌లో మొక్క పేరు కొట్టి, ఆ మడి దగ్గరికి నడిచి వెళ్లి చూసి, నా భుజం తట్టారు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

వైవాకి పది రోజుల ముందు ఉత్తరాదికి కానుగ లారీ ఒకటి లోడయింది. ఎక్కడో రోడ్డు పక్కన నాటడానికి. చివరి అధ్యాయానికి ఫొటోలు కావాలని నేనూ వెళ్లాను. మగవాళ్లు ఇద్దరు మడిలో దిగి మొదటి కవరు ఎత్తారు. లేవలేదు. గట్టిగా లాగారు. అడుగున టప్పుమని చిన్న చప్పుడైంది, పచ్చి చిక్కుడుకాయ విరిచినట్టు. తర్వాత ఇంకోటి. తర్వాత మడంతా అదే చప్పుడు. మేస్త్రి గట్టు మీద నిలబడి ఒక్కో కవరు కిందా చూస్తోంది. తెగిన చోట వేళ్లు తెల్లగా ఉన్నాయి. "నీడన పెట్టి నాలుగు రోజులు నీళ్లు కొట్టాక పంపుదామండి" అని బాబాయిగారితో అంది. "లారీ వచ్చి నిలబడిందే, ఇప్పుడు కుదరదు" అన్నారాయన. కవర్ల అడుగు ఆయన వంగి చూడలేదు. నేను ఫొటోలు తీసుకున్నాను.

లారీ చేరేసరికి ఆకు మొత్తం రాలిపోయిందని అక్కడివాళ్లు దింపుకోలేదు. ఆ ఫోను వచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. ప్రాజెక్టు మా నర్సరీలోనే చేసిందని బాబాయిగారు సంతకం పెట్టాల్సిన కాగితం నా సంచిలో ఉంది. ఆయన మేస్త్రిని పిలిచి అందరి ముందూ నిలబెట్టారు.

"ఇరవై ఏళ్లబట్టి చేస్తన్నావు. కవర్లు జరపాలని నేను చెప్పాలా నీకు?"

"మీరే కదండీ వద్దన్నారు."

"నేనా? నేనెప్పుడన్నానే?"

ఆవిడ నా వైపు చూసింది. కోపంగా కాదు. సాయం చేస్తానేమోనని చూసింది. నేను లాప్‌టాప్ మూత తెరిచి, అందులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. తెర వెలగను కూడా లేదు. నల్లటి అద్దంలో నా మొహమే కనబడుతోంది.

"మర్చిపోయేనండి" అంది ఆవిడ.

ఆ సాయంత్రమే మేస్త్రి పని ఇంకొకావిడకి ఇచ్చారు. ఈవిణ్ని మట్టి నింపేవాళ్లలో కూర్చోబెట్టారు. ఆ గొడవంతా సద్దుమణిగాక బాబాయిగారు కళ్లజోడు పెట్టుకుని నా కాగితం మీద సంతకం చేసి, "బాగా చదువుకోమ్మా" అన్నారు.

రిపోర్టులో లోపాలు అనే అధ్యాయం తప్పనిసరిగా ఉండాలి. నా పద్ధతి పెట్టాక ఒక లారీ మొక్కలు ఎందుకు పోయాయో ఏదో ఒకటి రాయాలి. నేను ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. 'కింది స్థాయి పనివారి అజాగ్రత్త వల్ల మొక్కలకు నష్టం జరిగింది' అని దాని అర్థం. ఆవిడ పేరు ఎక్కడా రాయలేదు. వైవాలో పరీక్షకుడు ఆ వాక్యం దగ్గర ఆగి, "నిజమే, మన దగ్గర అసలు సమస్య ఇదే" అన్నారు. ఆ ఏడాది మంచి ప్రాజెక్టు నాదే అన్నారు.

తర్వాత ఉద్యోగం, పెళ్లి, పాప. ఇన్నేళ్లలో కడియం మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను. నర్సరీ వచ్చేసరికి రెండో వైపు కిటికీలోంచి కాలవని చూస్తూ కూర్చునేదాన్ని.

పోయిన నెల, పాప చేతిలోంచి పుస్తకం లాక్కున్న వారంలోనే, ఒక అమ్మాయి ఫోను చేసింది. మా కాలేజీలో ఇప్పుడు అదే పేపరు చదువుతోంది. నా నంబరు సారు ఇచ్చారట.

"మేడమ్, మీ రిపోర్టు మాకు మోడల్‌గా ఇచ్చారండి. నేను కూడా నర్సరీయే తీసుకున్నానండి, వేరేది. లోపాల చాప్టర్‌లో మీరు పనివారి గురించి రాసింది అలాగే పెట్టుకోవచ్చా మేడమ్? అందరూ అదే పెడుతున్నారు."

"అందరూ అంటే?"

"మూడు బ్యాచ్‌లబట్టీ అండి."

ఒక తప్పుడు సమాచారం ఒకసారి ఎక్కితే ఎంత దూరం పోతుందో నేను పరీక్షల్లో నాలుగు పేజీలు రాసినదాన్ని. "రెండు రోజులు ఆగమ్మా, నేను చెప్తాను" అన్నాను.

మర్నాడు పాపని ఎత్తుకుని, వేణ్నీళ్ల ఫ్లాస్కు, మూడు జతల బట్టలు, జ్వరం మందు, ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని ఆటోలో కడియం నర్సరీకి వెళ్లాను. ఆవిడ అక్కడే ఉంది. రేకుల షెడ్డు కింద మట్టి కుప్ప ముందు కూర్చుని కవర్లు నింపుతోంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"రండి అమ్మాయిగారూ. పాపా? దింపండి, మట్టిలో ఆడుకుంటుంది."

"నోట్లో పెట్టుకుంటుందండి."

"పెట్టుకుంటే ఉమ్మేస్తుంది. దింపండి."

దింపాను. పాప రెండు చేతులతో మట్టి తీసుకుంది. నేను పుస్తకం తెరిచాను. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చింది ఒక్కటీ గుర్తు రాలేదు. "మీ గురించి ఏం రాశానో చదువుతానండి" అని, ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పాను. మెత్తగా చెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆవిడ మూడు కవర్లు నింపి పక్కన పెట్టింది. "పేరెయ్యలేదన్నమాట" అంది.

"లేదండి."

"అదే నయం."

"నన్ను ఆ రోజు ఎందుకు కాపాడారండి?"

"నేనేం కాపాడలేదండి. రైతుకీ రైతు స్నేహితుడి కూతురికీ మధ్య నా మాట ఎవరు వింటారు? చూసేను, మీరు తల దించేసేరు. సరే అనుకున్నాను." ఇంకో కవరు తీసుకుంది. "అది కాదండి నాకు బాధ. వేళ్లు దిగుతాయని నాకు తెలుసు. తెలిసీ మాట విన్నాను. రోజూ పొద్దున్న ఆ మడి పక్కనుంచే నడిచేదాన్ని. ఒక్క కవరు ఎత్తి చూసినా సరిపోయేది. భయపడి చూడలేదు."

బాబాయిగారికి చెప్తానన్నాను. వద్దులే అంటుందని మనసులో ఎక్కడో ఆశపడ్డాను, అది కూడా ఇక్కడ రాయాలి. ఆవిడ అలా అనలేదు. "చెప్పండి. నా ఎదురుగా చెప్పండి. ఆళ్లందరి ఎదురుగా చెప్పండి" అని లేచి, మోకాళ్లు పట్టుకుని నిలబడి, పనిలో ఉన్న ఆడవాళ్లని పిలిచింది.

చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. బాబాయిగారు కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. తర్వాత నన్నేమీ అనకుండా ఆవిడ వైపు తిరిగారు.

"నువ్వైనా చెప్పలేదేమే?"

"చెప్పేనండి. మీరే వద్దన్నారన్నాను. మీరు వినలేదు."

వెనకనుంచి ఎవరో, "అయితే రైతుగారు ఆ ఏడాదంతా మమ్మల్ని తిట్టింది ఊరికేనన్నమాట" అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మళ్లీ నువ్వే చూసుకో" అన్నారు బాబాయిగారు.

"ఇప్పుడు నా వల్ల కాదండి. మోకాళ్లు" అంది ఆవిడ, వెళ్లి మట్టి కుప్ప ముందు కూర్చుంది. పాప చేతిలోని మట్టి దులిపి, దాని చేతికి ఒక ఖాళీ కవరు ఇచ్చింది.

ఇంటికొచ్చాక ఆ అధ్యాయం మళ్లీ రాశాను. ఎవరు చెప్పారు, ఏమని అబద్ధం చెప్పారు, ఎవరు ముందే హెచ్చరించారు, అన్నీ రాశాను. అందులో ఆవిడ పేరుంది, ఇంటిపేరుతో సహా. ఆ అమ్మాయికీ, మా సారుకీ పంపాను. ఇక్కడ ఆవిడ పేరు రాయలేదు. ఆవిడ వెయ్యమని అడిగింది ఆ పుస్తకంలోనే. సారు ఇంకా ఏమీ బదులివ్వలేదు. ఆ అమ్మాయి మాత్రం, "మేడమ్, ఇది పెడితే మార్కులు తగ్గుతాయేమో కదండీ?" అని అడిగింది. తగ్గొచ్చన్నాను. ఆ అమ్మాయి ఏది పెట్టిందో నాకు తెలియదు. అడగాలంటే భయంగా ఉంది.