మోంగా బావ కలల పరీక్ష

మా మోంగా బావకి ఒకటే జబ్బు. తను చెక్కిన తలపీట మీద ముందు తనే పడుకుని, మంచి కల వచ్చేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వడు.

మా కిసాలే సరస్సు ఒడ్డున ఆడవాళ్లం కొప్పు ఒకసారి కట్టించుకుంటే నెలల తరబడి విప్పం. అది చెదరకుండా మెడ కింద చెక్కపీట పెట్టుకునే పడుకుంటాం. బావ చెక్కిన పీటలో ఇద్దరు బొమ్మ అప్పచెల్లెళ్లు ఎదురెదురుగా కూర్చుని, కళ్లు అరమూసుకుని మన తల మోస్తారు. ఆ అందం ఇంకెవరి బాడిసకీ రాదు. అందుకే జనం తిట్టుకుంటూనైనా ఆయన దగ్గరికే వచ్చేవారు.

"మా ఆవిడ పీట ఏదయ్యా?" అంటాడు చేపల కబాంబ.

"కలలో నీటిగుర్రం నన్ను పెళ్లాడింది. అలాంటి పీట నీకెలా ఇవ్వను?"

"భోజనాలు బాగున్నాయా?"

బావ పెళ్లాం, మా ముజింగ అక్క నెత్తి కొట్టుకునేది. "అందరి మొగుళ్లూ వలేసి చేపలు తెస్తారు. నా మొగుడు గురకపెట్టి కలలు తెస్తాడు!"

మా ఊరి మ్వాది భర్త పడవతో సహా సరస్సులో కలిసిపోయాడు. మైల తీరాక కొప్పయితే కట్టించుకుంది గానీ, నిద్ర మాత్రం ఆమెని వదిలి వెళ్లిపోయింది. పీట కావాలని వచ్చింది. బావ చకచకా చెక్కి, నూనె రాసి నిగనిగలాడించాడు. ఆపైన దానిమీద హాయిగా పడుకున్నాడు!

రోజూ మధ్యాహ్నం మ్వాది వచ్చేది.

"మంచి కల వచ్చిందా అన్నా?"

"ఎక్కడమ్మా! సరస్సంతా ఉడికిన బుకారి పిండిముద్దయిపోయింది. చేపలు నడిచొచ్చి, కూరేదీ అని నన్నడిగాయి."

"ఏం చెప్పావు?"

"మీరే కూర అనడానికి మొహమాటమేసి ఊరుకున్నాను."

మ్వాది ఫక్కున నవ్వింది. మర్నాటి కలలో చందమామ కొప్పు కట్టించుకోవడానికొచ్చి, తీరా జుట్టు లేక సిగ్గుపడిందట. ఆ మర్నాడు బావ బాడిస పట్టుకుని మబ్బెక్కాడట.

నాకు ఒళ్లు మండింది. "ఆవిడ నిద్రలేక చిక్కిపోతుంటే ఇవేం కబుర్లు బావా? పీట ఇచ్చెయ్!"

"ఇంకా కుదరలేదు మరదలా."

ఒకనాడు మబ్బు చెక్కుతున్న కల సగంలో ఉండగా, "తర్వాత?" అనే మాట వినబడలేదు. చెక్కపొట్టు కుప్పకి ఆనుకుని మ్వాది నిద్రపోతోంది, నోరు తెరుచుకుని మరీ. బావ గొంతు తగ్గించి ఇంకాస్త చెప్పాడు. తర్వాత ఇద్దరం కలిసి, కొప్పు కదలకుండా ఆమె మెడ కిందికి పీట జరిపాం.

"మంచి కల వచ్చినట్టేనా బావా?" అన్నాను గుసగుసగా.

"కలా? నాకు పుట్టి బుద్ధెరిగి ఒక్క కలా రాలేదే!"

"మరి ఇన్నాళ్లూ పడుకున్నది?"

"నిజంగా నిద్రపోతే ఇన్ని అబద్ధాలు అల్లడానికి తీరికెక్కడిది?"

అక్క అప్పుడే కేకలేస్తూ వచ్చి, మ్వాదిని చూసి టక్కున ఆగిపోయింది. మొదలుపెట్టిన తిట్లు మింగలేక, మిగతావన్నీ చేతులు తిప్పుతూ సైగలతోనే తిట్టింది.