కొంగలకు కట్టిన మేడ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఒకటి లోకంలో ఉంటుందని నాకు తెలియదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా పాసై, అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో డ్రాయింగులు గీసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. జేబులో మూడు రంగుల పెన్నులు, చంకలో చుట్టిన ట్రేసింగు కాగితం, కాళ్లకు పాలిష్ చేసిన బూట్లు (మా దుమ్ములో ఆ పాలిష్ బస్టాండు దాకా కూడా నిలిచేది కాదు, అయినా రోజూ చేసేవాణ్ణి). మా నాయన మాత్రం ఇంటికొచ్చిన చుట్టాలందరికీ "వీనికి డిప్లొమా వచ్చింది గానీ బుద్ధి ఇంకా రాల్యా" అని చెప్పేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆయన చాలా తగ్గించి చెప్పాడనిపిస్తుంది.

మా ఆఫీసు పెద్దను అందరం గడ్డం సారు అనేవాళ్లం. బెంగుళూరులో చదివొచ్చినాయన. ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, సస్టెయినబుల్, అంటే ప్రకృతికి చేటు చెయ్యనిది. టీ గాజుగ్లాసులో తాగితే సస్టెయినబుల్, మధ్యాహ్నం లైటు ఆపితే సస్టెయినబుల్ (ఫ్యాను చెడిపోయి నెలరోజులు తిరక్కపోయినా అదే మాట). ఒకరోజు ఆయన నన్ను పిలిచి, కళ్యాణదుర్గం దారిలో ఒక ఊరి చెరువుకు ఏటా ఎర్రకాళ్ల కొంగలొచ్చి పిల్లలు చేస్తాయని, అక్కడ పక్షుల పరిశీలన కేంద్రం ఒకటి కట్టాలని చెప్పాడు. బడిపిల్లలూ టౌనువాళ్లూ వచ్చి, చూసి, పక్షులను కాపాడుకోవాలని తెలుసుకోవాలట. "సిమెంటు తగ్గించు. లారీలు, పొగ వద్దు. ఆడ ఏం దొరికితే దాంతోనే కట్టాల" అన్నాడు. నా మొదటి సొంత డిజైను. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

నేను ఊరు చూడబోయింది శనక్కాయ పీకే కాలంలో. అప్పుడు అక్కడ కొంగలుండవు. అవి శివరాత్రికి ముందు వచ్చి, పిల్లలు ఎగరడం నేర్చినాక వెళ్లిపోతాయి. కాబట్టి కొంగల కేంద్రాన్ని గీసిన మహానుభావుడు ఒక్క కొంగనూ చూడలేదు. చెరువు నడుమ ముప్పై నలభై తుమ్మచెట్లున్నాయి. కొమ్మలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. అది రెట్ట అని నాకు తట్టలేదు, చీడ అనుకున్నాను. పైన పుల్లల కుప్పలు కనిపిస్తే కాకిగూళ్లన్నాను. పుస్తకంలో "పనికిరాని తుమ్మ, సుమారు నలభై" అని నీటుగా రాసుకున్నాను.

పక్షుల సంగతి ఎవరిని అడిగినా ఒక్క ముసలామె ఇంటివైపే చెయ్యి చూపించారు. ఆమెను కొంగలవ్వ అనేవాళ్లు. ఆ ఊరికి కొంగలంటే కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు. అవి ఉన్నన్నాళ్లూ పెళ్లి ఊరేగింపైనా సరే, చెరువుగట్టు దగ్గర మేళం ఆపి చప్పుడు లేకుండా నడవాల్సిందే. మొదటి కొంగ దిగిన పొద్దున అవ్వ చెంబుతో పసుపునీళ్లు తెచ్చి గట్టు మీద వారబోసేది. గూట్లోంచి పిల్ల జారిపడితే ఇంటికి తెచ్చి చేపపిల్లలు తినిపించేది. కొంగలొచ్చిన ఏడు వానొస్తుందని ఊరి నమ్మకం. (వాన రాని ఏడు ఆ నమ్మకం మాటేమిటని అడిగాను. నన్ను ఎగాదిగా చూశారు.)

అవ్వ నా ముందు గొంతుకూర్చొని, నేను ముందే గీసి తెచ్చిన డ్రాయింగు చూసింది.

"ఏందప్పా ఇది?"

"మేడ అవ్వా. ఆరు పలకలు, రెండంతస్తులు."

"ఎవరికి? మా బిడ్డలకేనా?"

పరిశీలన, అవగాహన, సంరక్షణ, ఇవన్నీ విడమరిచి చెప్పడానికి అరగంట పడుతుంది. బస్సుకేమో పది నిమిషాలే ఉంది. "ఔనవ్వా, వాటికోసమే" అనేశాను.

"మరి కిటికీలేంది ఇంత సన్నంగా పెట్టినావు? రెక్కలు తగలవా?"

"తగలవులే అవ్వా" అని నవ్వాను. ఆమె నా సంచి నిండా పచ్చిశనక్కాయలు పోసింది. అవి వలుచుకుని తింటూ, బస్సులో పక్కసీటాయనకు ఈ సంగతి చెప్పి ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఎస్టిమేటులో "కలప: స్థలంలోనే దొరికే పనికిరాని తుమ్మ" అని రాస్తే గడ్డం సారు నా భుజం తట్టాడు. తర్వాత రెండు నెలలు నేను ఆఫీసులోనే ఉండి, "పక్షులను కాపాడుదాం" అనే బోర్డుల పనిలో పడ్డాను. దొరికిన పెయింటరు అంతవరకూ ఎన్నికల బొమ్మలు తప్ప గీసినవాడు కాదు. ఆయన గీసిన కొంగ కూడా ఓటడుగుతున్నట్టే నవ్వేది.

ప్రారంభానికి వారం ముందు మేడ చూడబోయాను. ఎంత బాగుందో! తుమ్మ దూలాలు, బోదగడ్డి కప్పు. పైకెక్కి సన్నకిటికీలోంచి చూస్తే చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అరచేతిలా కనబడింది. అడ్డమేమీ లేదని మురిసిపోయాను. కాసేపటికి గాని, అడ్డముండాల్సినవి ఏమయ్యాయని తట్టలేదు.

"ఊరోళ్లు మొదట చెట్టు మీద గొడ్డలి పెట్టనీలేదు సారూ" అన్నాడు కాంట్రాక్టరన్న గర్వంగా. "ఆ ముసలామే వచ్చి సర్దిచెప్పినాది. కొత్తిల్లు కట్టేటప్పుడు పాత గుడిసె పెరకరా ఏంది, బిడ్డలకు మేడ కడతాండారు, అడ్డం పడొద్దండి అనింది."

అవ్వకు ఆ మాట చెప్పింది నేనేనని ఎవరికీ చెప్పలేదు. రిబ్బను కత్తిరించారు, ఉపన్యాసాలు ఇచ్చారు, నాకు శాలువా కప్పారు. (దాన్ని మా నాయన చలికాలమంతా కప్పుకునేవాడు. ఆయన అది కప్పుకుని ఎదురైతే నేను ఇంకో గదిలోకి పోయేవాణ్ణి.)

శివరాత్రి ఇంకో వారం ఉందనగా కొంగలొచ్చాయి. ఫొటోలకని నన్నే పంపారు. జీవితంలో మొదటిసారి చూశాను, అంత అందమైన పక్షిని. అవి చెరువు మీద తిరిగాయి, మళ్లీ తిరిగాయి. ఒకటి మేడ కప్పు మీద వాలబోయి, గడ్డి జారి లేచిపోయింది. గట్టు మీద అవ్వ చెంబు పట్టుకుని, ఇంకో చెయ్యి ఊపుతూ పిలుస్తోంది. "దిగండమ్మా, దిగండి. ఇల్లు ఇదే. ఈడే ఉండాది." కొంగలు రెండు రోజులు బురదలో నిలబడి, మూడోనాడు ఒక్కటీ మిగలకుండా పోయాయి.

అప్పుడు అవ్వ మేడెక్కింది. మెట్టు మెట్టుకూ ఆగి, పైకొచ్చి, సన్నకిటికీకి కన్ను ఆనించి చాలాసేపు చూసింది.

"ఇది కొంగలకు కాదు గదప్పా. కొంగల్ని చూసేటోళ్లకు."

"ఔనవ్వా."

"ఇన్నేండ్లూ నేను గట్టు మీద కూచోనే చూసినా గదా."

తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ బాకీ అక్కడితో తీరిపోయేది. కిందికి దిగుతూ, "మల్లా వస్తాయా నాయనా? నువ్వు చదువుకున్నోనివి" అని మాత్రం అడిగింది. "వస్తాయిలే అవ్వా" అన్నాను. ఒక అబద్ధంతో ఊరి చెట్లన్నీ పోయినా నా నోటికి బుద్ధి రాలేదు.

తుమ్మకాయ తిన్న మేక పెంటికలోని గింజ బాగా మొలుస్తుంది. అవ్వ ఊళ్లో దొడ్లన్నీ తిరిగి, ఆ పెంటికలు గంపలకెత్తి, చెరువంతా చల్లడం మొదలుపెట్టింది. ఉన్నన్నేళ్లూ చల్లింది. కొంగలు రాలేదు, తాను పోయింది. మా సంస్థ రిపోర్టు అట్ట మీద మాత్రం మేడ ఫొటో చాలాకాలం వెలిగింది.

ఇప్పటికీ ఏటా శివరాత్రికి ముందు ఆ గట్టు మీదికి పోయి కూర్చుంటాను. మేడ గట్టిగానే ఉంది, ఎవరో అందులో పశువులకు శనక్కట్టె దాచుకుంటున్నారు. అవ్వ చల్లిన తుమ్మలు మనిషికి నిలువున్నర ఎత్తు ఎదిగాయి. పోయినసారి మేకలు తోలుకుపోతున్న ఒకాయన ఆగి, "ఏం సారూ, ఈతూరన్నా కొంగలొస్తాయా?" అన్నాడు. వస్తాయిలే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"తెలీదప్పా" అన్నాను.

ఆయన తలూపి, కర్ర పక్కన పెట్టి, నా పక్కనే కూర్చున్నాడు. ఇద్దరం ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాం. నాకెందుకో నవ్వొచ్చింది. మా నాయన బతికుంటే, వీనికి తల నెరిసినాక కొంచెం బుద్ధి వచ్చింది అనేవాడు.