ఓబన్న తోలిన ఎనభై కిలోమీటర్లు

మా ఆయన ఓబన్న చెప్పులు విడిచి కారు తోలేవాడు. వట్టి పాదానికి తగిలితేనే యాక్సిలరేటర్ ఎంత తొక్కాలో తెలుస్తుందట. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి హనుమంతప్ప దగ్గర పదకొండేళ్లు డ్రైవరుగా చేశాడు. పెట్రోలు ధర మండిపోతున్న రోజులవి. పొద్దున్నే టైర్లలో గాలి చూసుకునేవాడు. డిక్కీలో పనికిరాని బరువు ఒక్కటి ఉండనిచ్చేవాడు కాదు. రైల్వే గేటు పడితే ఇంజను ఆపేసేవాడు. దూరంగా గొర్రెల మంద కనిపిస్తే చాలు, అప్పుడే కాలు తీసేవాడు. మంద దగ్గరికి చేరేసరికి బ్రేకుతో పనే ఉండేది కాదు. దిగుడులో ఇంజను ఆపి బండిని జారవిడిచే డ్రైవర్లంటే మాత్రం ఆయనకు మంట. "బ్రేకు పట్టకపోతే మీ నాయనొచ్చి ఆపుతాడా?" అని తిట్టేవాడు.

ఇంత ఒళ్లు దాచుకోకుండా చేసింది దేనికనుకున్నారు? జీతం పెంచమన్నప్పుడల్లా హనుమంతప్పది ఒకటే మాట. "కొత్త కారు కొన్నాక ఈ అంబాసిడర్ నీదేలేప్పా!" మేం నమ్మాం. బత్తలపల్లె బస్టాండులో బాడుగకు పెట్టుకుందామనుకున్నాం. మొదటి రోజు ముందు సీట్లో కూర్చుని ఊరంతా తిరుగుతానని నేను ఎంతమందికి చెప్పుకున్నానో, నా ఖర్మ!

ఎనభై ఒకటిలో హనుమంతప్ప కొత్త కారుకు డబ్బు కట్టాడు. ఆ వారమే తాడిపత్రి నుంచి బండల వ్యాపారి ఒకాయన వచ్చాడు.

"మా బంధువు. నువ్వు తోలేది చూస్తాడంట. అనంతపురం దాకా పోయొద్దాం పదప్పా" అన్నాడు హనుమంతప్ప.

బంకులో ట్యాంకు నిండా పోయించి ముగ్గురూ బయలుదేరారు. సావుకారు తన పనితనం నలుగురికీ చూపిస్తున్నాడని మా ఆయన పొంగిపోయాడు, పిచ్చి మనిషి. జన్మలో అంత బాగా ఎప్పుడూ తోలలేదట. పోనూ రానూ ఎనభై కిలోమీటర్లు తిరిగొచ్చి మళ్లీ నిండా పోయిస్తే ఆరు లీటర్లే పట్టింది.

ఆ బంకులోనే తాడిపత్రి ఆయన హనుమంతప్ప చేతిలో తాంబూలం, అడ్వాన్సు పెట్టాడు. హనుమంతప్ప తాళాల కోసం మా ఆయన ముందు చెయ్యి చాచాడు.

"సావుకారా, ఈ బండి నాకిస్తానంటిరే?"

"అప్పుడు పాత బండేలే అనుకుంటినప్పా. లీటరుకు పదమూడిచ్చే బండిని ఎవరన్నా ఊరికే ఇస్తారా? నువ్వే చెప్పు."

ఇంటికొచ్చి ఈయన ఇదంతా చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లు మమ్మల్ని ఆశపెట్టి మోసం చేశాడు, వాడి నోట్లో మన్ను పడ! వీధిలోకి వినిపించేలా తిట్టాను. అయినా కసి తీరక ఈయన మీదే పడ్డాను.

"ఈ పొద్దు రోంత కాలు గట్టిగా తొక్కింటే ఏం పోతాండె? బండి పెట్రోలు తాగుతాదని ఆ తాడిపత్రి ఆయప్ప వద్దని పోతాండె. మనకు దక్కుతాండె కదయ్యా!"



"నాకు అట్ల తోలేది రాదు కదమే" అన్నాడు.