గట్టి పాట

ఖమ్మంలో చెవి మిషన్లు అమర్చే గదిలో మధులత అడిగిన ప్రశ్న చిన్నదే. ఎలాంటి పాటలంటే ఇష్టమని. అప్పటికి గంట నుంచి ఆమె అడిగినవన్నీ పోతయ్య వరసగా చెప్పాడు. బొగ్గుబాయిలో ఎన్నేళ్లు చేసిందీ, ఏ చెవి వైపు బ్లాస్టింగ్ ఎక్కువ జరిగిందీ, హోరు ఎప్పుడు మొదలైందీ. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం నోరు పెగల్లేదు.

కుడి చెవి పోయి నాలుగేళ్లయింది. ఎడమ చెవి పోతోంది. ఆరు నెలలు ఉండొచ్చు, ఏడాది ఉంటే మంచిదే అని డాక్టరు చెప్పాడు. చెవిలో కొద్దో గొప్పో వినికిడి మిగిలి ఉన్నన్నాళ్లే మిషన్ పని. అందులో రెండు రకాల అమరికలు ఉంటాయి, ఒకటి మాటకు, ఇంకొకటి పాటకు. చెవి వెనక చిన్న బటన్ నొక్కితే దాంట్లోంచి దీంట్లోకి మారుతుంది. మాటకు అమర్చడం మధులతకు రోజూ ఉండే పనే. పాటకు అమర్చాలంటే వినే మనిషి నోరు విప్పాలి.

పోతయ్య పక్కన కూర్చున్న భార్య రామక్క వైపు చూశాడు. ఆమె కూడా జవాబు కోసమే చూస్తోంది. చివరకు తనకు తెలిసిన మాటే చెప్పాడు.

"గట్టి పాటలు మేడం."

మధులత తల ఊపి ఫైల్లో రాసుకుంది. కంప్యూటర్‌లో ఏవో గీతలు పైకి జరిపింది. పోతయ్య బటన్ నొక్కుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి ఆటో హారన్ చెవిలో మేకు దిగినట్టు దిగింది.

ఆయన బతుకంతా ఈ మాట దగ్గర ఇలాగే జరుగుతోంది. గట్టి అంటే చాలు, ఎవరో ఒకరు సౌండు పెంచుతారు. పెళ్లయిన కొత్తలో రామక్క రేడియో మర తిప్పేది. ఓపెన్‌కాస్ట్ గనిలో టిప్పర్ నడిపే కొడుకు సంపత్ తన మొదటి స్పీకర్ పెట్టెలు తెచ్చిన రోజు, నాయినా ఇవి గట్టివే అంటూ ఊగిపోయాడు. గోడకున్న క్యాలెండర్ కింద పడింది. పోతయ్య అరచెయ్యి గోడకు ఆనించి, బోలు, అని బయటికి నడిచాడు. ముసలాయనకు పాటంటే పడదని ఇంట్లో తేలిపోయింది. నిజానికి పాట కోసం ఆయన చేసినంత పని ఇంకెవరూ చేయలేదు. భజన జరుగుతుంటే గుడి వెనక్కి పోయి గోడ పక్కన నిలబడి వినేవాడు. ఒక్కోసారి ఒక చరణం నచ్చేది, మిగతా పాట నచ్చేది కాదు. ఏం నచ్చిందంటే చెప్పలేకపోయేవాడు. చెప్పలేనివాడికి ఇష్టం కూడా లేదని జనం అనుకుంటారు.

ఆయనకు గట్టి అన్న మాట బాయిలో దొరికింది.

ఇరవై రెండేళ్ల వయసులో ఇల్లందు దగ్గర అండర్‌గ్రౌండ్ బాయిలో కప్పు కింద దుంగలు నిలబెట్టే పనికి కుదిరాడు. ఆ షిఫ్టు సర్దార్ హాతీరాం, తండా మనిషి. అతని చేతిలో ఎప్పుడూ కొనకు ఇనుప పొన్ను తొడిగిన కర్ర ఉండేది. మొదటిరోజే పోతయ్య ఎడమ అరచేతిని పట్టుకుని పైనున్న రాతికి ఆనించి, కుడి చేతికి ఆ కర్ర ఇచ్చి కొట్టమన్నాడు. రాయి ఖంగున పలికింది. చెయ్యి కదల్లేదు. ఇది గట్టిది, దీని కింద పని చెయ్యొచ్చు అన్నాడు. నాలుగడుగులు జరిగి మళ్లీ కొట్టించాడు. ఈసారి శబ్దం మరింత పెద్దగా, డబడబమంటూ వచ్చింది. అరచెయ్యి కింద రాయి వణికింది. అది బోలు, పైన పొర విడిపోయింది, ఎప్పుడైనా రాలుతుంది అన్నాడు. పెద్దగా మోగేదే చంపేది. ఇరవై తొమ్మిదేళ్లు పోతయ్య ఆ తేడా మీద బతికాడు, తన కింద పనిచేసినవాళ్లను బతికించాడు. బయటికి వచ్చి పాట విన్నా చెవి అదే వెతికేది. గొంతు వేరు, పాట వేరు అయిపోయి మధ్యలో సందు పడితే ఆయనకు తెలిసిపోయేది. ఆ సందు లేనిది గట్టి పాట.

ఇదంతా ఎవరికైనా చెప్పాలంటే ముందు వాళ్లను బాయిలోకి దింపాలి. ఆ బాయి మూతపడి నీళ్లు నిండింది.

మిషన్ పెట్టుకున్న మూడు వారాలూ ఇంట్లో ప్రతి చప్పుడూ గిన్నెలు గీరుకుంటున్నట్టు వినబడింది. పాట అమరికలో పెడితే చెవి పగిలేది. మాట అమరికలో పెడితే పాట తునకలు తునకలుగా వచ్చేది. సంపత్ ఫోన్లో పాత పాటలు, భక్తి పాటలు, పల్లె పాటలు ఒక్కొక్కటే పెట్టి వేలితో సైగ చేసేవాడు, ఇదా అని. పోతయ్య తల అడ్డంగా ఊపేవాడు. ఇరవై పాటలకు కొడుకు సహనం అయిపోయింది.

"ఏది నచ్చుతదో చెప్పరాదు. అన్నీ బోలే అంటవ్. నీ చెవి బోలైంది నాయినా, పాట కాదు."

అన్నాక సంపత్ తలదించుకున్నాడు. పోతయ్యకు ఆ మాట పూర్తిగా వినబడింది. అంత స్పష్టంగా ఆ వారంలో ఇంకేదీ వినబడలేదు. నిజమేనేమోనన్న భయం ఆ రోజే పట్టుకుంది.

రెండోసారి ఖమ్మం పోయినప్పుడు మధులత పరీక్ష చేసి కాగితం చూపింది. వినికిడి గీత కిందికి జారింది. నెలలోపే ఇంత జారితే ఆరు నెలల లెక్క నిలబడదని ఆమె చెప్పకుండానే ఆయనకు అర్థమైంది. మీరు సరిగ్గా చెబితే నేను చెయ్యగలను అంది ఆమె. పోతయ్య కుర్చీ అంచుకు జరిగాడు. "మోగాలె. కానీ వణకొద్దు," అన్నాడు. ఆమె ఏదో తగ్గించింది, ఏదో పెంచింది. ఇప్పుడు ఎలా ఉందని అడిగింది. ఆయన రెండు చేతులూ గాల్లోకి లేపి కప్పును పట్టుకున్నట్టు పెట్టాడు, అవి అలాగే ఉండిపోయాయి. బయట ఇంకో ఆరుగురు ఎదురుచూస్తున్నారు. రామక్క ఆయన చేతులను మెల్లగా కిందికి దించింది.

ఇంటికొచ్చి మిషన్ తీసి బియ్యం డబ్బా మీద పెట్టాడు. రెండురోజులు ముట్టుకోలేదు. అన్నానికి పిలిస్తే రాలేదు. వినబడక కాదు.

మూడోరోజు రామక్క ఆ మిషన్ కొంగున కట్టుకుని ఆయన్ను ఆటో ఎక్కించి హాతీరాం తండాకు తీసుకుపోయింది. ఈయన మాట అర్థమయ్యే మనిషి భూమి మీద ఇంకొకడు ఉంటే వాడు హాతీరామే అనుకుంది.

హాతీరాం ఇంటి ముందు మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అతని భార్య కమ్లి, మరో నలుగురు ఆడవాళ్లు తొడిమెలు తీస్తున్నారు. హాతీరాం పోతయ్య ఎడమ చెవి దగ్గరికి వంగాడు.

"పాటల కోసం కూడు మానినవట. ఈ వయసుల గిదేం రోగమయ్యా?"

"గట్టి పాట అంటే ఆ మేడంకు సమజైతలేదు సర్దార్."

హాతీరాం నవ్వబోయి ఆగాడు. గట్టి పాట అంటే ఏందని అడగలేదు. కమ్లి వైపు తిరిగి తమ భాషలో ఏదో అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఒక్కదాన్ని పాడితే అది పాట గాదన్నా. అందరం కలవాలె."

అందరూ కలిశారు. చేతులు మిరపకాయల మీద నడుస్తూనే ఉన్నాయి. పోతయ్యకు ఆ భాష సగమే తెలుసు. మిరప చేలల్లో, బాయి గేటు బయట ఎన్నోసార్లు విన్న పాట. ఒక గొంతు ఎత్తుకుంటుంది, మిగతావి దాని కిందికి వచ్చి నిలబడతాయి, చివరి అక్షరాన్ని అందరూ పట్టుకుని చాలాసేపు వదలరు. ఆ పట్టు ఆయనకు ప్రాణం. రామక్క కొంగు విప్పి మిషన్ ఆయన చెవిలో పెట్టింది.

మొదటి మాటలు వచ్చాయి. చివరి అక్షరం వచ్చింది, వెంటనే ఆగిపోయింది. పోతయ్య తలెత్తాడు. ఐదుగురి నోళ్లు ఇంకా తెరిచే ఉన్నాయి. శబ్దం లేదు.

మిషన్ తీశాడు. ఎక్కడో గోడ అవతలినుంచి వచ్చినట్టు, సన్నగా, ఆ అక్షరం ఇంకా సాగుతోంది. మళ్లీ పెట్టాడు, పోయింది. తీశాడు, ఉంది.

"బోలైంది నా చెవి గాదు. గిది మింగుతున్నది. పాట తోకంతా గిదే మింగుతున్నది," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కోపానివో ఊరటవో రామక్కకు తెలియలేదు.

రామక్క ఆ పాటను ఫోన్లో రికార్డు చేసింది. హాతీరాం లోపలికి పోయి చూరులోంచి పాత కర్ర తీసి తెచ్చి ఇచ్చాడు. పొన్నుకు తుప్పు పట్టింది. "నోటితోని చెప్పకు. నీకు రాదు. కొట్టి చూపియ్," అన్నాడు.

ఖమ్మంలో చూపించుకునే తారీఖు వారం తర్వాత ఉంది. పోతయ్య రామక్కను వెంటబెట్టుకుని మర్నాడే పోయాడు. కర్రతో లోపలికి వచ్చిన ముసలాయన్ను చూసి కౌంటర్ దగ్గరి అమ్మాయి లేచి నిలబడింది. ఆయన నేరుగా మధులత గదిలోకి నడిచాడు. గదికి ఒక మూల సిమెంటు స్తంభం ఉంది. మరో పక్క ప్లైవుడ్ అడ్డుగోడ. మధులత అరచెయ్యిని సైగతో అడిగి, స్తంభానికి ఆనించమన్నాడు. కర్రతో కొట్టాడు.

"గట్టి," అన్నాడు.

ఆమె చెయ్యిని ప్లైవుడ్‌కు మార్చమన్నాడు. కొట్టాడు. అడ్డుగోడ ధనధనమంది. అవతల గదిలో చెవికి పరీక్ష చేయించుకుంటున్న పెద్దమనిషి తలుపు తీసి, ఇది దవాఖానానా మేస్త్రీల అడ్డానా అని కేకలు వేశాడు. ఆ పెద్దమనిషికి అంత బాగా వినబడినందుకు రామక్క ముసిముసిగా నవ్వింది.

"ఇది బోలు. దీని సౌండే ఎక్కువ," అన్నాడు పోతయ్య.

మధులత తన అరచెయ్యి చూసుకుంది. మళ్లీ స్తంభం దగ్గరికి పోయి తనే వేళ్లతో కొట్టింది, ప్లైవుడ్ మీద కొట్టింది.

"అంటే గట్టిగా అంటే... సౌండ్ పెద్దగా ఉండాలని కాదా?"

"కాదు బిడ్డా. ఎన్నడూ కాదు."

ఫోన్లో పాట వినిపించి, చివరి అక్షరం దగ్గర వేలు పెట్టి, ఇక్కడ మింగుతున్నదని చెప్పాడు. ఇప్పుడు ఆమెకు దారి దొరికింది. ఆగకుండా ఒకే తీరున సాగే శబ్దాన్ని మిషన్ రొద అనుకుని తొక్కేస్తుంది, మాట తేటగా వినబడటానికి అలా చేశారు. పాటకు అమర్చినప్పుడు తను సౌండు మాత్రం పెంచి ఆ తొక్కేదాన్ని అలాగే ఉంచేసింది. ఆ సంగతి ఆమె దాచకుండా చెప్పింది. సౌండు తగ్గించింది, తొక్కేదాన్ని పూర్తిగా ఆపేసింది. ఇది పెట్టుకుంటే జనంలో మాట వినబడదని, ఫ్యాను, బండి, గాలి అన్నీ మీదపడతాయని హెచ్చరించింది. తర్వాత పాట పెట్టింది.

పోతయ్య అరచెయ్యి స్తంభానికి ఆనించి విన్నాడు. ఒక గొంతు ఎత్తుకుంది. మిగతావి కిందికి వచ్చాయి. చివరి అక్షరం వచ్చింది, నిలబడింది. చాలాసేపు నిలబడింది. చెవి బాగున్నప్పుడు విన్నదానిలో సగం కూడా లేదు, అడుగున కొంత అరిగిపోయింది. అయినా ఎక్కడా సందు లేదు.

"ఉన్నది," అన్నాడు.

మధులత ఫైల్లో పాత మాట కొట్టేసింది. సౌండు పెంచకూడదు, చివర కోయకూడదు అని తెలుగులోనే రాసింది. ఆ తర్వాత మళ్లీ పరీక్ష చేసింది. గీత ఇంకొంచెం జారింది. ఎన్నాళ్లని ఆయన అడిగాడు. చెప్పలేను పెద్దాయనా, రోజూ వినండి, అంది.

ఇల్లందు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. బటన్ పాట మీదే ఉంది. పాట మోగుతున్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. కారేపల్లి దాటి అడవి మొదలయ్యాక రామక్క మాట్లాడటం మొదలుపెట్టింది. కొడుకు సంగతో, హాతీరాం కర్ర తిరిగి ఇయ్యడం సంగతో, ఆమె పెదవులు కదులుతున్నాయి. ఇంజను హోరులో ఆయనకు ఒక్క ముక్క అందలేదు. ఆమెకు తెలిసింది. చెయ్యి చాపి ఆయన చెవి వెనక బటన్ నొక్కబోయింది. పోతయ్య ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఇల్లందు దాక ఉండనీ."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆయన వదల్లేదు. ముప్పై ఏడేళ్లుగా విన్న గొంతు అది. అది వినడానికీ మిగిలిన రోజులు అవే. పాట వినాలంటే ఆ గొంతును వదలాలి, గొంతు వినాలంటే పాటను. ఆ ఎంపిక ప్రతి పూటా చెయ్యాలని ఆ బస్సులో ఆయనకు తెలిసొచ్చింది.

బస్టాండులో ఇంజను ఆగాక తనే బటన్ నొక్కాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు.

రామక్క చెప్పాలనుకున్నవన్నీ అప్పటికే చెప్పేసింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది, నెమ్మదిగా, ఒక్కొక్క మాట చివరిదాకా పట్టి వదులుతూ.