బారీ భాయ్ ఎక్కించిన వీడియో

జనగామ స్టేషన్ రోడ్డులో అబ్దుల్ బారీకి ఒక వీడియో దుకాణం ఉండేది. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, ఏది పిలిస్తే అది తీసేవాడు. ఆయన క్యాసెట్‌లో పెళ్లికొడుకు కన్నా బ్యాండు వాళ్లే ఎక్కువ కనిపిస్తారని ఊళ్లో ఒక నింద ఉంది. అందులో అబద్ధం లేదు. మనిషికి సంగీతం పిచ్చి. అదీ గిటార్లూ డ్రమ్ములూ చెవులు చిల్లులు పడేలా మోగే రాక్ సంగీతం. జనగామలో ఆ పిచ్చి ఇంకెవరికీ లేదు. పిల్లల్లేరు. భార్య పోయి పదేళ్లు. దుకాణం మూసి ఇంటికి వెళ్తే మాట్లాడేందుకు మనిషి లేడు.

ఆ పిచ్చి ఉన్నవాళ్లం బయట ఆరుగురం ఉన్నాం. కాజీపేటలో నలుగురు, మానుకోటలో కిష్టయ్య, నేను. నా పేరు ఓదెలు, బడిలో ఇంగ్లీషు చెప్తాను. స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని రాసినా మాకది మానుకోటే.

మమ్మల్ని కలిపింది ఈస్ట్ క్యాబిన్. కాజీపేట రైల్వే కాలనీ పోరగాళ్లు కొందరు పెట్టుకున్న బ్యాండు అది, మేం వినేవాళ్లం. అక్తర్ అనే అతను గిటారు వాయిస్తూ పాడేవాడు. ఇంగ్లీషు పాటను దక్కనీ యాసలో పాడితే ఎట్లా ఉంటుందో విన్నవాళ్లకే తెలుసు. నవ్వొచ్చేది, మరుక్షణం ఒళ్లు జలదరించేది. ఎనభై ఏడులో కాలనీ మైదానంలో ఒక సాయంత్రం వాయిస్తుంటే, అప్పుడే కెమెరా కొన్న బారీ భాయ్ యాభై నిమిషాలు తీశాడు. రెండేళ్లకు అక్తర్ కామెర్లతో పోయాడు. అతని నాయినకు ఆ గిటారంటే ఒళ్లు మంట. కొడుకును మట్టిచేసి వచ్చి గిటారు విరగ్గొట్టాడు, గిటారుతో ఉన్న ఫోటోలన్నీ చింపేశాడు, ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయాడు. బ్యాండులో మిగతావాళ్లూ చెదిరిపోయారు. ఈస్ట్ క్యాబిన్ అనేది ఒకటుండేదని చెప్పడానికి ఆ క్యాసెట్ తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పట్నుంచీ ఏటా అక్టోబరు మూడో ఆదివారం మేమంతా జనగామలో దిగేవాళ్లం. బారీ భాయ్ ప్లేయర్ హెడ్డును స్పిరిట్‌తో తుడిచి, షట్టర్ సగం దించి, క్యాసెట్ పెట్టేవాడు. బట్టతలలు వచ్చినవాళ్లం ఏడుగురం తలలూపుతూ కూర్చుంటే, సందులోంచి చూసినవాళ్లు జాలిపడేవాళ్లు. తర్వాత బిర్యానీ. సాయంత్రం ఆయన ప్లాట్‌ఫారం దాకా వచ్చి ఒక్కొక్కర్ని రైలు ఎక్కించేవాడు.

కాపీ ఇమ్మని ఎన్నిసార్లు అడిగామో. "కాపీ ఇస్తే మళ్ల మీరొస్తరా?" అని నవ్వేవాడు. అదో వేళాకోళం అనుకున్నాం. ఇంగ్లీషు వ్యాకరణం చెప్పి బతికేవాణ్ణి, ఒక మనిషి మాటకు అర్థం మాత్రం పట్టలేకపోయాను.

రెండువేల పదకొండులో ఆయన పక్క గదిలో సంగీత అనే అమ్మాయి నెట్ సెంటర్ తెరిచింది. నర్మెట్ట దగ్గరి తండా పిల్ల, డిగ్రీ చదివింది, మాటల్లో చురుకు. ఒకరోజు ఆ క్యాసెట్ సంగతి విని, "చాచా, నెట్ల ఎక్కిస్త. దునియల ఎవ్వరన్న సూడొచ్చు. పైస ఖర్చు లేదు" అంది.

"ఫుకట్ల ఎవ్వడన్న చూపిస్తడా బేటీ? మిషిన్లు వాళ్లవి, కరెంటు వాళ్లది. గందుల వాళ్లకేమొస్తది?"

"ఏమో చాచా. అందరు ఎక్కిస్తున్నరు."

"అందరు ఎక్కిస్తున్నరంటేనే నాకు పరేషాన్" అన్నాడాయన. ఆ మాట ఫోన్లో నాకు చెబితే, నువ్వు పాతకాలం మనిషివని ఎగతాళి చేశాను.

ఆ అక్టోబరుకు సకల జనుల సమ్మె నడుస్తోంది. బడులు బందు, బస్సులు లేవు. సరిగ్గా మా ఆదివారానికి రైల్ రోకో వచ్చిపడింది. పట్టాల మీద కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. తెలంగాణ కోసం రైళ్లు ఆపి, జనగామ పోవడానికి రైలు లేదని బారీ భాయ్‌కి ఫోన్ చేసిన ఘనుణ్ణి నేను. "ఈ ఒక్కసారికి నెట్ల పెట్టరాదు భాయ్, ఎవరి ఇంట్ల వాళ్లం చూస్తం" అన్నాను. మిగతావాళ్లూ అదే మాటన్నారు. ఆరుగురు చెప్తే ఆయన మెత్తబడ్డాడు. సంగీత రెండు రోజులు తంటాలు పడి ఎక్కించింది.

ఇంట్లో కూర్చుని చూశాను. అక్తర్ బొటనవేలంత ఉన్నాడు. అయినా సంబరపడి మూడుసార్లు చూశాను.

మరుసటేడు రైళ్లు బాగానే నడిచాయి. ఆ ఆదివారం మా మరదలి ఇంట్లో ఏదో దావత్ ఉంది. వీడియో ఎట్లాగూ ఉందిగదా అనుకున్నాను. నేనొక్కణ్ణి పోకపోతే ఏం, మిగతావాళ్లు పోతారు అనుకున్నాను. మిగతా ఐదుగురూ అదే అనుకున్నారు.

వీడియో కింద చూసినవాళ్ల లెక్క రోజూ పెరుగుతోందని సంగీత చెప్పేదట. ఆ లెక్కంతా మనుషులే అనుకున్నాడు బారీ భాయ్. అంతమంది చూస్తే ఈసారి కొత్తవాళ్లు కూడా వస్తారని కుర్చీలు కిరాయికి తెచ్చాడు. పెద్ద దేగ్చా నిండా బిర్యానీ చేయించాడు. పొద్దుటి నుంచి షట్టర్ సగం దించి పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం స్టేషన్‌కు పోయి రెండు రైళ్లు చూసి వచ్చాడు. నాలుగింటికి నెట్ సెంటర్‌లోకి వెళ్లాడు. అక్కణ్ణుంచి జరిగింది సంగీత నాకు తర్వాత చెప్పింది.

"బేటీ, నువ్వు ఎక్కించింది వీడియోను కాదు. నా దోస్తులను. రైలు ఎక్కిచ్చినోళ్లు ఏడాదికి మళ్లొస్తుండె. గీ నెట్ల ఎక్కినోళ్లు రారు. తీసెయ్యి."

తీయడానికి ఒక్క నొక్కు చాలు. తీసేముందు దాని కిందికి చూసింది సంగీత. ఎవరో రాసి ఉన్నారు. పైకి చదివింది.

"నా పేరు జబీన్. మాది భూపాలపల్లి. పాడుతున్నది మా మామ. మా తాత ఫోటోలన్నీ చింపేసిండట, ఇంట్ల ఒక్కటి గూడ లేదు. మా అమ్మీ సాబేరా ఇన్నేండ్లకు ఆయన మొకం ఈ వీడియోల చూసింది. కాళ్లు పడిపోయినయ్, యాడికీ పోలేదు. రోజు నమాజ్ అయినంక రెండుసార్లు పెట్టుమంటది. ఎక్కించిన వాళ్లెవరో, తీసెయ్యకుండ్రి."

లెక్క ఎందుకు పెరుగుతోందో అప్పుడు తెలిసింది. బారీ భాయ్ దాన్ని ఇంకోసారి చదివించుకున్నాడు. తర్వాత జవాబు రాయమన్నాడు. "తియ్యం అని రాయి. నేను జనగామల ఉంట, అక్తర్ దోస్తును, అసలు క్యాసెట్ల ఇంక సాఫ్ కనవడ్తడు, ఒక్కసారొచ్చి చూడుండ్రి అని రాయి."

సంగీత రాసింది. పంపబోతుంటే ఆపాడు.

"ఆ ఆఖరి ముక్క తీసెయ్యి బేటీ. కాళ్లు లేని మనిషిని రమ్మంటరా? తియ్యం అని రాయి. గంతే."

ఆమె తుడిచేసింది. ఆయన తన గదికి వెళ్లి ఒక్కొక్క కుర్చీ మడతపెట్టాడు.